మృత సముద్రంలో మునగరు సరే, మరి ముప్పు ఎక్కడుంది?

మృత సముద్రంలో మనిషి మునగడన్న మాట నిజం. ఆ నీళ్లలో ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారన్నదీ నిజం. మొదటి మాట యాత్రకు పేరు రాయించుకున్న రోజు నుంచే అందరికీ తెలుసు. రెండోది బస్సు బీచ్ దగ్గర ఆగేటప్పుడు గైడ్ మైకులో గబగబా చెప్పేస్తాడు. అప్పటికి సగం మంది తువ్వాళ్లు వెతుక్కుంటుంటారు, మిగతా సగం ఫోన్లు బయటికి తీస్తుంటారు. నిజానికి ఈ రెండు మాటలకూ పొత్తు ఉంది. మనిషిని తేల్చే గుణమే అతన్ని చిక్కులో పడేస్తుంది. అదెలాగో ఒకసారి అర్థమైతే అక్కడ ఏం చేయాలో, ఏం చేయకూడదో బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి వెళ్లే హోలీ ల్యాండ్ టూర్లు సాధారణంగా జోర్డాన్, ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతాలు, ఈజిప్టు కలిపి పది రోజుల లెక్కన సాగుతాయి. అందులో మృత సముద్రానికి దక్కేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. యోర్దాను నదిలో బాప్తిస్మం తీసుకునే చోటు, యెరికో చూసుకుని చాలా బృందాలు మధ్యాహ్నం ఎండలోనే అక్కడికి చేరతాయి. బస్సులో ఎక్కువమంది యాభై దాటినవాళ్లు. షుగర్, బీపీ మందుల డబ్బాలు ఉన్నవాళ్లు. ఈత రానివాళ్లు. ఈత రాకపోవడం ఇక్కడ పెద్ద లోటేమీ కాదు. బాగా వచ్చినవాళ్లతోనే కాస్త ఇబ్బంది. ఎందుకో ముందుకెళ్లాక చూద్దాం. ఇక 2023 అక్టోబరు నుంచి ఆ ప్రాంతంలో పరిస్థితులు పదే పదే మారుతున్నాయి. డబ్బు కట్టేముందు భారత విదేశాంగ శాఖ సూచనలు చూసుకోవాలి.

ఇది ఉప్పు కలిపిన నీరు కాదు

మామూలు సముద్రపు నీటిలో బరువు ప్రకారం 3.5 శాతం లవణాలుంటాయి. మృత సముద్రంలో దాదాపు 34 శాతం. "పది రెట్లు ఉప్పన" అని అందరూ చెప్పే లెక్క ఇదే. తప్పు కాదు గానీ సగమే. ఎంత ఉప్పు అన్నదానితో పాటు ఏ ఉప్పు అన్నది కూడా చూడాలి. సముద్రపు లవణాల్లో మూడొంతులకు పైగా మనం తినే సోడియం క్లోరైడే. మృత సముద్రంలో అది మూడో వంతుకు మించదు. సగం దాకా మెగ్నీషియం క్లోరైడ్, ఆ తర్వాత కాల్షియం క్లోరైడ్, కొంత పొటాషియం క్లోరైడ్, బ్రోమైడ్. లీటరు నీటిలో మెగ్నీషియం సుమారు 45 గ్రాములు, కాల్షియం 17 గ్రాముల పైచిలుకు. అదే మామూలు సముద్రంలో మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు.

నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మళ్లు చూసినవాళ్లకు ఈ తేడా చప్పున అందుతుంది. మడిలో పెట్టిన సముద్రపు నీరు ఎండకు చిక్కబడి నీటి చిక్కదనాన్ని చెప్పే బామే కొలతలో 25 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఉప్పు గింజ కట్టడం మొదలవుతుంది. 29, 30 డిగ్రీలకు చేరాక మిగిలిన నీటిని వదిలేస్తారు. ఉంచితే ఉప్పు చేదెక్కుతుంది, ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. తినే ఉప్పు దిగిపోయి మెగ్నీషియం మిగిలిపోయిన నీరది. మృత సముద్రం ఆ వదిలేసే నీటికి దగ్గరి చుట్టం. లీటరు బరువు 1.24 కిలోలు, అంటే బామే లెక్కలో 28 డిగ్రీలు. కాకపోతే ఇందులో కాల్షియం చాలా ఎక్కువ, సల్ఫేట్ బాగా తక్కువ.

అక్కడ జరుగుతున్నదీ ఉప్పు మడిలో జరిగేదే. పేరుకు సముద్రమైనా ఇది యోర్దాను నది వచ్చి కలిసే సరస్సు, నీరు బయటికి పోయే దారి లేదు. వచ్చింది ఆవిరి కావాల్సిందే. పైగా వచ్చే నీరు కూడా తగ్గిపోయింది. గలిలయ సముద్రం దిగువన 1930లలో కట్టిన ఆనకట్ట, 1964లో మొదలైన ఇజ్రాయెల్ జాతీయ జలవాహిని, యోర్దానులో కలిసే యార్ముక్ నదిపై సిరియా, జోర్డాన్‌ల మళ్లింపులు కలిసి యోర్దాను ప్రవాహంలో పదో వంతుకు అటూఇటూగా మాత్రమే మిగిల్చాయి. దక్షిణ కొసన పొటాష్ ఫ్యాక్టరీలు నీటిని తోడి ఆవిరి చేస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో సముద్ర మట్టానికి 390 మీటర్ల దిగువన ఉన్న నీటి మట్టం ఇప్పుడు 435 మీటర్లకు పైగా దిగువకు పోయింది. ఏటా మీటరుకు పైగా దిగుతోంది. ఒకప్పుడు పైన పలుచని నీరు, అడుగున చిక్కటి నీరు వేర్వేరు పొరలుగా ఉండేవి. 1979 నాటికి అవి కలిసిపోయాయి. అప్పటి నుంచి సోడియం క్లోరైడ్ గింజ కట్టి అడుగున పేరుకుంటోంది. సోడియం తగ్గుతున్న కొద్దీ మెగ్నీషియం, కాల్షియంల వాటా పెరుగుతోంది.

స్నానానికి దిగే మనిషికి ఈ రసాయనశాస్త్రం ఎందుకంటే, అక్కడ ఎదురయ్యే వింతలన్నీ దీంట్లోంచే పుట్టాయి. నీరు ఒంటికి నూనెలా తగలడం, నాలుకకు ఉప్పగా కాక చేదుగా మండటం, తుడుచుకున్నా ఒళ్లు ఆరకపోవడం, సబ్బు నురగ రాకపోవడం అన్నిటికీ మెగ్నీషియం, కాల్షియం లవణాలే కారణం. గాలిలో చెమ్మను లాక్కునే గుణం వాటిది. అందుకే ఆ నీటితో తడిసిన బట్ట మంచినీళ్లలో జాడించకుండా ఎంతసేపు ఎండలో వేసినా జిడ్డుగానే ఉంటుంది. మింగితే ప్రాణం మీదికి వచ్చేదీ వీటివల్లే.

తేలడంలో ఉన్న తిరకాసు

డెబ్బై కిలోల మనిషి చెరువులో తేలాలంటే దాదాపు 70 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. ఒంట్లో ఉన్నదంతా అంతే కాబట్టి ముక్కు వరకూ మునిగే ఉంటాడు. మృత సముద్రంలో 56, 57 లీటర్లు నెడితే చాలు. ఒంట్లో ఐదో వంతు నీటిపైనే ఉండిపోతుంది. ఇక్కడిదాకా సంతోషమే.

మామూలు నీళ్లలో మన కాళ్లు బరువు. కండ, ఎముక నీటికంటే చిక్కనివి, గాలి ఉన్నది ఛాతీలో. అందుకే ఏమీ చేయకుండా ఉంటే కాళ్లు కిందికి, తల పైకి వస్తుంది. భయపడ్డ మనిషి కూడా ఆ భంగిమలోకే వస్తాడు. మృత సముద్రపు నీరు కాళ్లకంటే కూడా చిక్కన. ఛాతీ తేలినట్టే కాళ్లూ తేలతాయి. నడుము లోతులో నిలబడ్డవాణ్ని చిన్న అల తోసినా పాదాలు నేల వదిలేస్తాయి, తిరిగి ఆనవు. ఒళ్లు నీటిపై దుంగలా పడి ఉంటుంది. మునిగిన భాగం తక్కువ కాబట్టి ఇట్టే పక్కకు దొర్లుతుంది. వెల్లకిలా ఉంటే హాయి. బోర్లా పడితే ముక్కూ నోరూ నీళ్లలో ఉంటాయి. తల ఎత్తాలంటే కాళ్లు దిగాలి, దిగవు. పిరుదులు పైకి, మొహం కిందికి. అక్కడ మనుషులు మునిగి కాదు, తేలుతూనే పోతారు, ఒక్కోసారి తొడ లోతు నీళ్లలో.

ఈత వచ్చినవాళ్ల ఇబ్బంది ఇప్పుడు అర్థమై ఉంటుంది. వాళ్లకు బోర్లా పడుకుని చేతులు వేయడం అలవాటు. ఇక్కడ కాళ్లాడిస్తే పాదాలు గాలిలో ఆడతాయి, ముందుకు తోపు రాదు, మెడ వెనక్కి విరుచుకోవాలి, ప్రతి చేతి వేటుకూ మొహం మీద చుక్కలు పడతాయి. 2016 నవంబరులో ఒక అంతర్జాతీయ ఈతగాళ్ల బృందం జోర్డాన్ ఒడ్డు నుంచి ఇజ్రాయెల్ ఒడ్డుకు ఈదింది. ఆరితేరిన ఆ ఈతగాళ్లు మొహమంతా కప్పే మాస్కులు, గాలి గొట్టాలు పెట్టుకున్నారు, పక్కనే పడవలు నడిచాయి. ఫంక్షన్ హాలు పక్క స్విమ్మింగ్ పూల్లో నేర్చిన ఫ్రీస్టయిల్‌తో ఇక్కడ సాహసం చేయకూడదు.

మొదటి శతాబ్దంలో రోమన్ సేనాని వెస్పాసియన్ ఈత రానివాళ్లను చేతులు వెనక్కి కట్టించి ఈ నీళ్లలో వేయించాడనీ, అందరూ పైకే తేలారనీ చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. వెల్లకిలా తేలారో బోర్లా తేలారో మాత్రం రాయలేదు.

ముందు రెండు రోజుల జాగ్రత్తలు

గడ్డం గీసుకోవడం, వ్యాక్సింగ్, థ్రెడింగ్ లాంటివన్నీ కనీసం 48 గంటల ముందే అయిపోవాలి. బ్లేడు తాకిన చర్మం మీద కంటికి కనిపించని గీతలుంటాయి, ఈ నీరు ఒక్కోదాన్నీ వెతికి పట్టుకుంటుంది. ఎంతమందికి చెప్పినా వినరు. బాప్తిస్మం రోజు కదా అని మగవాళ్లు పొద్దున్నే నున్నగా గీసుకుని బయల్దేరతారు, మధ్యాహ్నానికి బుగ్గలు మండుతుంటాయి. దోమకాటు, చెప్పు కరిచిన పుండు, గోరు పక్క చీలిక అన్నీ లెక్కలోకి వస్తాయి. చిన్న గీతలు మండి ఊరుకుంటాయి. మానని పుండు ఉంటే మాత్రం దిగకపోవడమే మేలు.

షుగర్ ఉన్నవాళ్లు ముందురోజు రాత్రి అరికాళ్లు వేరే ఎవరితోనైనా చూపించుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు పుండు మండదు, అడుగున గాజుపెంకులా ఉండే ఉప్పు గడ్డ కోసినా తెలియదు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ, గర్భం ఉన్నవాళ్లు హైదరాబాద్‌లోనే డాక్టర్‌ని అడిగి బయల్దేరాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మరీను. ఒంట్లో అదనపు మెగ్నీషియాన్ని బయటికి పంపేవి అవే. వాళ్లకు కొద్దిగా మింగినా ఎక్కువే.

బట్టల దగ్గర మన బృందాల్లో రెండు రకాల ఇబ్బందులు. ఒకటి చీరతో దిగడం. తడిసిన చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. లేవడానికి మోకాళ్లు ముడవాలి, చీర ముడవనివ్వదు. చున్నీ అయితే తేలుతూ వచ్చి మొహం మీద పడుతుంది, ఆ తడిని తుడుచుకోబోతే కంట్లో పడుతుంది. ముదురు రంగు లెగ్గింగ్, దాని మీద మోకాళ్ల దాకా వచ్చే పొట్టి చేతుల టీ షర్టు చాలు. మర్యాదకూ లోటు లేదు. మగవాళ్లకు షార్టు, టీ షర్టు. పాతవే వేసుకోవాలి, మళ్లీ మామూలు బట్టలవుతాయన్న ఆశ పెట్టుకోకూడదు. రెండోది చెప్పులు. హవాయి చెప్పులు బురదలో ఊడి నీటిపైకి తేలిపోతాయి. మడమ వెనుక పట్టీ ఉన్న శాండల్స్ గానీ నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు గానీ కావాలి.

వెండి మెట్టెలు, పట్టీలు తీసేయాలి. ఒడ్డున పూసుకునే నల్ల బురదలో గంధకపు సమ్మేళనాలుంటాయి, వెండి చూస్తుండగానే నల్లబడుతుంది. బంగారానికి అంత భయం లేదు గానీ జిడ్డు నీటిలో ఉంగరం జారితే మళ్లీ దొరకదు. కాంటాక్ట్ లెన్సులు, వినికిడి యంత్రం తీసి పెట్టాలి.

దిగడం, తేలడం, లేవడం

ముందు అరలీటరు మంచినీళ్లు తాగాలి. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. గాలిలో తేమ తక్కువ కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు. సముద్ర మట్టానికి అంత దిగువన గాలి పొర మందం కాబట్టి చర్మాన్ని మాడ్చే కిరణాలు కొంత వడకట్టినట్టు వస్తాయన్నది నిజమే, కానీ ఆ ధైర్యంతో గంటసేపు ఉన్నవాళ్ల భుజాలు కందుతూనే ఉంటాయి.

మోకాలు దాటి తొడల మధ్య దాకా లోతు వచ్చేవరకు మెల్లగా నడవాలి. పరుగెత్తకూడదు, దూకకూడదు, చిమ్మకూడదు. అక్కడ ఒడ్డు వైపు మొహం పెట్టి తిరగాలి. వెనకాల కుర్చీ ఉన్నట్టు మెల్లగా కూర్చోవాలి. కూర్చుంటుండగానే నీరు నడుమును ఎత్తుతుంది, పాదాలు వాటంతటవే లేస్తాయి. అప్పుడు వీపు వెనక్కి వాల్చాలి. చేతులు పక్కలకు చాచి అరచేతులు నీటి కిందే ఉంచాలి. గడ్డం కాస్త ఛాతీ వైపు వంచితే చెవుల్లోకి నీరు పోదు. తల వెనక్కి వేలాడేయడం పొరపాటు, జుట్టు తడిస్తే తర్వాత ఆ నీరు కారేది కళ్లలోకే. పొడుగు జుట్టున్నవాళ్లు నడినెత్తిన ముడి వేసుకుని దిగాలి.

కదలాలంటే వెల్లకిలాగానే ఉండి, అరచేతులతో చిన్నగా తెడ్డేయాలి, ఎప్పుడూ ఒడ్డుకు సమాంతరంగా. ఒడ్డుకు దూరంగా పోకూడదు. పైకి తేలే ఒళ్లు గాలికి తెరచాపలా పనిచేస్తుంది, తెలియకుండానే లోపలికి జరిగిపోతారు. గాలితో నింపిన ట్యూబులు, పరుపులు వద్దనడానికి కారణం కూడా ఇదే. అవి మనిషిని ఇంకా పైకెత్తి ఇంకా తేలిగ్గా తిరగేస్తాయి.

లేవడమే అసలు పని, చాలామంది నేర్చుకోకుండా దిగేదీ ఇదే. మోకాళ్లు ఛాతీకి దగ్గరగా ముడవాలి. రెండు చేతులతో నీటిని కిందికి, వెనక నుంచి ముందుకు బలంగా నెట్టాలి. ఒళ్లు గుండ్రంగా ముందుకు తిరిగి పాదాలు కిందికి వస్తాయి. నేల తగిలాక ఒక క్షణం కూర్చున్న భంగిమలోనే ఆగి, అప్పుడు నిలబడాలి. బీపీ మందులు వేసుకునేవాళ్లకు గోరువెచ్చని నీళ్లలోంచి హఠాత్తుగా లేస్తే కళ్లు తిరుగుతాయి. ఈ లేవడాన్ని మోకాలు లోతులోనే రెండుసార్లు సాధన చేశాకే లోపలికి జరగాలి. పావుగంట నుంచి 20 నిమిషాలు చాలు.

తిరగబడితే, కంట్లో పడితే, మింగితే

బోర్లా పడ్డ మనిషి మొదట చేసే పని నోరు తెరిచి అరవడం. చేయకూడనిది అదే. నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక చెయ్యి ఒంటి కింద నుంచి అవతలి వైపుకు లాగి, అదే వైపుకు తలా భుజమూ తిప్పాలి. కాళ్లను కిందికి దించే ప్రయత్నం మానేయాలి. దుంగలా దొర్లే గుణం పడేసింది కదా, అదే లేపుతుంది కూడా. దొర్లితే వెల్లకిలా అవుతారు. పక్కన ఉన్నవాళ్లు చేయి పట్టి లాగకూడదు, భుజమూ తుంటీ పట్టి ఒక్కసారి తిప్పాలి. తర్వాతే ఒడ్డుకు.

కంట్లో చుక్క పడితే మంట భరించలేనిది, రెండు కళ్లూ మూసుకుపోతాయి. చేత్తో రుద్దితే ఆ చేతికున్నదీ లోపలికి పోతుంది. తడి టీ షర్టుతో తుడిచినా అంతే. కళ్లు మూసుకునే ఆగి, పక్కవాళ్లను పిలిచి, వాళ్ల చేయి పట్టుకుని ఒడ్డుకు రావాలి. మంట తగ్గేదాకా మంచినీళ్లతో కడుగుతూనే ఉండాలి. అందుకే ఒడ్డున కూర్చున్నవాళ్ల దగ్గర మూత తెరిచిన నీళ్ల సీసా, పొడి తువ్వాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. షవర్ దాకా పోదామంటే దారి కనిపించదు.

మింగడం ఈ మూడింట్లోనూ పెద్దది. ఒక గుటక అంటే 30 మిల్లీలీటర్లు అనుకుంటే అందులో గ్రాముకు పైగా మెగ్నీషియం, అర గ్రాము దాకా కాల్షియం. రెండు చుక్కలు నాలుకకు తగిలి ఉమ్మేస్తే ఏమీ కాదు, నోరు పుక్కిలించి మంచినీళ్లు తాగితే సరి. గుటకలు లోపలికి పోతే, ముఖ్యంగా బోర్లా పడి కొట్టుకుని లేచిన మనిషైతే, బాగానే ఉన్నానన్నా నమ్మకూడదు. వాంతులు, విరేచనాలు, నీరసం రావచ్చు. రక్తంలో మెగ్నీషియం పెరిగితే కండరాలు సడలి, బీపీ పడిపోయి, ఊపిరి మందగిస్తుంది. కాల్షియం కూడా పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదముంది. ఊపిరితిత్తుల్లోకి కాస్త పోయినా అక్కడి పొరలు రసాయనంతో కాలినట్టు వాచిపోతాయి, దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా ముదరవచ్చు. బలవంతంగా వాంతి చేయించకూడదు. లైఫ్‌గార్డుకు చెప్పాలి, అంబులెన్స్‌కు ఇజ్రాయెల్‌లో 101, జోర్డాన్‌లో 911. ఆసుపత్రిలో మృత సముద్రపు నీరు మింగారని ఆ పేరుతోనే చెప్పాలి. మామూలు సముద్రపు నీళ్ల కేసులా సోడియం ఒక్కటే చూస్తే చాలదు, మెగ్నీషియం, కాల్షియం కూడా చూడాలి. ఆ ప్రాంతపు డాక్టర్లకు ఇది కొత్త కాదు. ప్రయాణం మధ్యలో వేరే ఊళ్లో చూపిస్తే మాత్రం చెప్పకపోతే తట్టదు. సెలైన్, మూత్రం జారీ చేసే మందులు, మరీ ఎక్కువైతే డయాలిసిస్ వైద్యంలో భాగం.

బృంద నాయకులకు ఇక్కడ ఒక కష్టం ఉంటుంది. మింగినవాళ్లు చెప్పరు. అందరి ముందూ పరువు పోతుందనీ, మర్నాడు బేత్లెహేము చూసే అవకాశం పోతుందేమోననీ ఊరుకుంటారు. బస్సెక్కాక ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగడం తప్ప దీనికి మందు లేదు.

ఏ ఒడ్డున దిగుతున్నారు

ఉత్తరాన కలియా చుట్టుపక్కల, వెస్ట్ బ్యాంక్ భాగంలో, టికెట్ ఉండే బీచ్‌లున్నాయి. జెరూసలేం, యెరికోలకు దగ్గర కాబట్టి ఎక్కువ బస్సులు అక్కడే ఆగుతాయి. పూసుకునే నల్ల బురద దొరికేది ఈ వైపే. కానీ నీరు ఏటేటా వెనక్కి పోతోంది, పార్కింగ్ నుంచి నీటి దాకా దిగుడు పెరుగుతోంది. బురద అడుగున జారుతుంది, కొన్నిచోట్ల నాలుగడుగులకే లోతు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు దిగడం కంటే తిరిగి ఎక్కడం కష్టం.

దక్షిణాన హోటళ్లున్న ఐన్ బొకెక్ వేరే సంగతి. అది నిజానికి సరస్సు కాదు, ఉత్తర భాగం నుంచి కాలువలో నీటిని తెచ్చి పొటాష్ కోసం ఆరబెట్టే మడి. అడుగున ఉప్పు పేరుకుంటుంటే ఏళ్ల తరబడి ఏటా సుమారు 20 సెంటీమీటర్లు మట్టం పెరుగుతూ వచ్చింది. ఒకే సరస్సు పేరు మీద ఒకచోట నీరు దిగిపోతుంటే మరోచోట హోటళ్లను ముంచేలా పెరిగిందన్నమాట. స్నానానికైతే ఇదే నయం. వాలు మెల్లగా ఉంటుంది, ప్రజలకు ఉచిత బీచ్, షవర్లు ఉన్నాయి. జోర్డాన్ వైపు ఎక్కువగా స్వేమే దగ్గరి హోటళ్లలో రోజు పాస్ తీసుకుని దిగుతారు.

ఎక్కడైనా లైఫ్‌గార్డు ఉన్న చోటే, ఆయన ఉన్న వేళల్లోనే. ఇజ్రాయెల్ బీచ్‌ల్లో తెల్ల జెండా అంటే నీరు నెమ్మదిగా ఉంది, ఎర్రది ప్రమాదం, నల్లది ప్రవేశం లేదు. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తే అలలు వస్తాయి, ఈ నీరు బరువు కాబట్టి చిన్న అల దెబ్బ కూడా గట్టిగా తగులుతుంది. ఫొటో బాగా వస్తుందని దారిలో ఖాళీ ఒడ్డున బస్సు ఆపమనడం అన్నిటికంటే ప్రమాదం. సరస్సు వెనక్కి పోయిన చోట మంచి భూగర్భజలం చేరి, నేల కింద ఉన్న ఉప్పు పొరను కరిగిస్తోంది. పైన నేల గట్టిగానే కనిపిస్తుంది, కింద ఖాళీ. ఒక్కసారిగా కూలి గుంతలు పడతాయి. పడమటి ఒడ్డున ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. ఐన్ గెది బీచ్‌ను వీటివల్లే మూసేశారు. కంచె ఉంటే దాటకూడదు.

నలభై మంది, గంటన్నర

సమయం చాలకపోవడమే చాలా పొరపాట్లకు మూలం. బట్టలు మార్చుకుని నీటి దాకా వెళ్లడానికి 20 నిమిషాలు, వచ్చాక షవర్ల దగ్గర వరసకు 25. మిగిలేది 45 నిమిషాలు. అందరూ ఒకేసారి దిగితే చూసేవాళ్లుండరు, మోచేతులు తగిలి నీళ్లు మొహాల మీద పడతాయి. బృందాన్ని రెండుగా విడదీసి, ఇద్దరిద్దరిని జతకట్టాలి. ఒకరు తేలుతుంటే రెండోవారు మోకాలు లోతులో నిలబడి ఉండాలి. 20 నిమిషాలకు మార్పు. నిలబడ్డ మనిషికి ఫొటో బాధ్యత అప్పగించకూడదు, ఫోన్ చూసే కళ్లు పక్కమనిషిని చూడవు. ఫొటోలు ఒడ్డున కూర్చున్నవాళ్లే తీయాలి, అదీ పొడి చేతులతో. చిన్నపిల్లలు కళ్లు రుద్దుకోకుండా ఉండలేరు, వాళ్లను పాదాలు తడపనిచ్చి ఊరుకోవడం నయం.

బురద పూసుకోవాలనుకుంటే పలుచగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి కడిగేయాలి. కళ్ల చుట్టూ వద్దు. సోరియాసిస్ వంటి చర్మవ్యాధులకు ఇక్కడ వైద్యం చేస్తారన్నది నిజం, అది డాక్టర్ల పర్యవేక్షణలో వారాల తరబడి ఎండ, నీళ్లు కలిపి చేసే చికిత్స. మన 20 నిమిషాలకు ఆ ఫలితం రాదు.

షవర్ కింద ముందు సబ్బు లేకుండా నీళ్లతో బాగా కడుక్కోవాలి, జిడ్డు పోయాకే సబ్బుకు నురగ వస్తుంది. తడి బట్టలను రెండుసార్లు మంచినీళ్లలో జాడించి, పిండి, దళసరి ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. తడి బట్టలతో బస్సెక్కితే డ్రైవర్ ఒప్పుకోడు, అతనిదీ తప్పు కాదు, ఆ సీటు వారమైనా ఆరదు. జిప్పులు, ఇనుప కొక్కేలు ఉన్నవాటిని హోటల్లో ఆ రాత్రే మళ్లీ ఉతకాలి, లేకపోతే తుప్పు పడతాయి.

దుకాణాల్లో కొన్న బురద ప్యాకెట్లను విమానాశ్రయంలో ద్రవాల కిందే లెక్కేస్తారు. 100 మిల్లీలీటర్లు దాటినవి చేతి సంచిలో పోనివ్వరు, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. ఇంట్లోవాళ్లకు చూపించాలని వాటర్ బాటిల్‌లో సముద్రపు నీరు పట్టుకెళ్లే ఆలోచన మాత్రం మానుకోవాలి. మూత దగ్గర కాస్త కారినా, పెట్టెలో బట్టలన్నీ ఇంటికి చేరేసరికి జిడ్డు పట్టి ఉంటాయి.